పగిలిన చేతులు కూడా పని గాయాలే
(రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కరెంటు గురించి పొద్దుటి నుంచి మాట్లాడుకున్నాం. నాకిచ్చిన సమయంలో నేను చేతుల గురించి మాట్లాడతాను. చలికాలం చేతులు పగలడం కూడా సంఘం మాట్లాడే సంగతేనా అని కొందరికి నవ్వు రావచ్చు. ఒక్కసారి మీ అరచేతులు తిప్పి చూసుకోండి. నాగలి, ట్రాక్టరు లేకపోతే అద్దెకు తెచ్చుకుంటాం. చేతులు అద్దెకు దొరకవు.

చేతులు ఎందుకు పగులుతాయి? చర్మం మీద సహజంగా కొంత జిడ్డు ఉంటుంది. లోపలి తడిని ఆరిపోకుండా కాపాడేది అదే. చలికాలం గాలిలో తేమ తగ్గుతుంది. దానికి మన పనులు తోడవుతాయి. పత్తి ఏరుతుంటే ఎండిన కాయ మొనలు వేళ్లను గీరుతాయి. యాసంగి నాట్లకు పొద్దున్నే చన్నీళ్లలో దిగి గంటల తరబడి నారు పీకుతాం. ఉత్త చేత్తో యూరియా చల్లుతాం, అది చర్మంలోని తడిని పీల్చుకుంటుంది. ఇంటికొచ్చాక ఆడవాళ్లకు బట్టల సబ్బు, గిన్నెలకు బూడిద. వేడినీళ్లు ఉన్న ఆ కాస్త జిడ్డునూ కడిగేస్తాయి. చలిమంట హాయిగానే ఉంటుంది గాని, చేతుల్ని ఇంకా ఎండబెడుతుంది.

దీనివల్ల పోయేది చేతుల అందం కాదు, కూలి డబ్బులు. పత్తి ఏరితే కూలి కిలోల లెక్క. బొటనవేలు చీలిన ఆడమనిషి గుడ్డపేలిక చుట్టుకుని ఏరుతుంది. సాయంత్రం తూకం తగ్గుతుంది, కూలి తగ్గుతుంది. మిరప ఏరేవాళ్ల బాధ చెప్పనే అక్కర్లేదు. పగుళ్లలో కారం పడితే రాత్రంతా నిద్ర ఉండదు. ఆ మంట ఉత్త నీళ్లతో పోదు. ముందు నూనె రాసి రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి. కారం నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు.

అసలు భయపడాల్సింది పురుగుమందుకు. గట్టిగా ఉన్న చర్మం ఒక గోడ లాంటిది. పగిలిందంటే ఆ గోడకు కన్నం పడినట్టే. పారాక్వాట్ అనే గడ్డిమందు మనందరికీ తెలుసు. దానికి విరుగుడు లేదు. పగిలిన చర్మం గుండా ఒంట్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. 2017లో మన ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ల చేతులు పగిలి ఉన్నాయని కాదు నేననేది. విషానికి ముక్కు, నోరే కాదు, చర్మం కూడా దారేనని గుర్తుంచుకోమంటున్నాను. చేతులు పగిలి ఉన్నప్పుడు మందు కలపడం మానండి. తప్పకపోతే మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, నైట్రైల్ రకమైతే మరీ మంచిది, వేసుకోండి. గుడ్డ గ్లౌజులు మందును పీల్చి చర్మానికే అంటిస్తాయి. చేతికి నూనె రాసుకున్నాం కదా అని గ్లౌజులు వదిలేయకండి. నూనె విషాన్ని ఆపదు.

ఇక వైద్యం. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం వెతికినట్టు మనం ఖరీదైన క్రీముల కోసం చూస్తాం. పెట్రోలియం జెల్లీ గాని, కొబ్బరినూనె గాని చాలు. ఎప్పుడు రాయాలన్నదే ముఖ్యం. చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే రాయాలి. అప్పుడే ఆ తడి లోపల నిలుస్తుంది. నాట్లకు దిగేముందు పల్చగా ఒకసారి రాస్తే నీళ్లు అంతగా నానబెట్టవు. రాత్రి పడుకునేముందు మందంగా పట్టించి, పాత మేజోళ్లు చేతులకు తొడుక్కోండి. వారం రోజులు విడవకుండా చేసి చూడండి. తేనెమైనం దొరికే ఊళ్లలో ఒక పాలు మైనం, నాలుగు పాళ్లు కొబ్బరినూనె వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించుకుంటే ఇంట్లోనే మలాం తయారవుతుంది.

కొన్ని జాగ్రత్తలు. పగుళ్లకు యూరియా మంచిదని ఎవరో అన్నారని బస్తాలోది రాసుకోకండి. డాక్టరు రాసే యూరియా క్రీము వేరు, పొలానికి వేసే ఎరువు వేరు. గ్రీసు మరకలకు కిరోసిన్, పెట్రోలు వాడకండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు నెలల తరబడి పూస్తే చర్మం పల్చబడి మరింత చెడుతుంది. చీము పట్టినా, వాచినా, రెండు వారాలకూ తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్లండి. షుగరు ఉన్నవాళ్లు అన్నాళ్లు కూడా ఆగొద్దు. పేడలో, బురదలో తిరిగే చేతులు మనవి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటినవాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మళ్లీ వేయించుకోండి.

ఇంకో మాట. వేళ్లు అరిగి, పగిలి రేషన్ దుకాణంలో మిషను మీద వేలిముద్ర పడక ఎందరు తల్లులు ఖాళీ సంచితో వెనక్కి వస్తున్నారు? ఇన్నేళ్లు కష్టం చేసిన చెయ్యిని మిషను గుర్తుపట్టకపోతే తప్పు చేతిదా? వేలిముద్ర పడనంత మాత్రాన అర్హులకు బియ్యం ఆపకూడదని 2017 అక్టోబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. వేలు పడకపోతే కంటిపాపతోనో, ఫోనుకు వచ్చే ఓటీపీతోనో ఇవ్వమని అడగండి. అయినా కాదంటే అక్కడే నిలబడి సంఘానికి కబురు పెట్టండి.

చివరగా మనం చేయాల్సినవి. మందు కొట్టే మనిషికి గ్లౌజుల్లాంటి రక్షణ ఉండాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే ఉంది. ప్రతి డీలరు దగ్గరా సరైన గ్లౌజులు తక్కువ ధరకు దొరికేలా చూడాలని వ్యవసాయ శాఖను అడుగుదాం. చలికాలం ఆరోగ్య ఉపకేంద్రాల్లో పగుళ్ల మలాం ఉచితంగా ఇవ్వాలని అడుగుదాం. సర్కారును అడిగే ముందు మనవంతు మనం చేయాలి. ఇక్కడున్నవాళ్లలో కూలీలను పెట్టుకునేవాళ్లం చాలామందిమి ఉన్నాం. చేను గట్టు మీద నీళ్లబిందె పక్కన ఒక సబ్బు, ఒక నూనె సీసా పెట్టడం మనకు భారం కాదు. ఒక్క పురుగుమందు డబ్బా ఖరీదు కూడా కాదది. ఈ యాసంగి నుంచే మొదలుపెడదామని మిమ్మల్ని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.