మీ ఫోన్ స్క్రీన్ మీద గీతలు గీసిందెవరు? హైటెక్ సిటీ బండల కథ

ఈ రోజు టాపిక్ చూసి "ఏంటి బ్రో, మూడో తరగతి సైన్సా?" అంటారని తెలుసు. అవును, మూడో తరగతి సైన్సే. సజీవులు, నిర్జీవులు, ఏది గట్టిది, ఏది మెత్తది. పరిసరాల విజ్ఞానం పుస్తకంలో పరీక్ష కోసం చదివేసి వదిలేశాం కదా, అదే. దాన్ని ఈ రోజు హైటెక్ సిటీ రోడ్డు మీద పెట్టి చూద్దాం.

ముందు ఫోన్‌తో మొదలుపెడదాం. స్క్రీన్ ఆఫ్ చేసి, లైట్ కింద కొంచెం వంచి చూడండి. సన్నగా వెంట్రుకల్లా గీతలు కనపడుతున్నాయా? తాళంచెవి మీద అనుమానం వద్దు. మామూలు తాళంచెవి లోహం గాజు కంటే మెత్తన. మరి ఎవరు గీశారు?

ఫోన్ రివ్యూ వీడియోలు చూసేవాళ్లకి క్లూ తెలిసే ఉంటుంది. సూదుల్లాంటి పనిముట్లతో స్క్రీన్ గీకుతూ "లెవల్ 6 దగ్గర గీతలు, లెవల్ 7 దగ్గర ఇంకా లోతుగా" అంటుంటారు. ఆ లెవల్స్ ఫోన్ కంపెనీలు కనిపెట్టినవి కావు. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త పెట్టిన స్కేలు అది. రూల్ చాలా సింపుల్: గట్టిది మెత్తదాన్ని గీస్తుంది. లెవల్ 6 అంటే ఫెల్డ్‌స్పార్. లెవల్ 7 అంటే క్వార్ట్జ్. ఈ రెండూ ఎక్కడ దొరుకుతాయంటే... మీ ఆఫీసు పక్కనే. మన గ్రానైట్ బండలో ఎక్కువ భాగం ఈ రెండే. గులాబీ రంగులోనో తెల్లగానో కనపడే పలుకులు ఫెల్డ్‌స్పార్, గాజుముక్కలా బూడిదరంగులో ఉండేవి క్వార్ట్జ్, మధ్యలో నల్లగా మెరిసేది మైకా, అంటే అభ్రకం.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సెల్లార్ తవ్వుతుంటే బండ పగులుతుంది, దుమ్ము లేస్తుంది. అది మీ జేబులో చేరుతుంది. మీరు ఫోన్ తీసి చొక్కాకి తుడుస్తారు. అయిపోయింది, లెవల్ 6, లెవల్ 7 టెస్టు మీరే చేసేశారు.

ఇంకో తమాషా. ఆ బండ, దాని వెనకున్న అద్దాల బిల్డింగు ఒకరకంగా చుట్టాలు. గ్రానైట్ అరిగితే క్వార్ట్జ్ మిగిలి ఇసక అవుతుంది. ఇసకని బాగా కరిగించి చల్లారిస్తే గాజు. మరి ఒకటి పారదర్శకం, ఇంకొకటి ఎందుకు కాదు? గ్రానైట్ భూమి లోపల చాలా చాలా నెమ్మదిగా చల్లారింది. అందుకే పలుకులు కంటికి కనపడేంత పెద్దగా పెరిగాయి. వెలుతురు ఒక్కో పలుకు అంచు దగ్గర చెదిరిపోతుంది, లోపలే ఇంకిపోతుంది. గాజుకి పలుకులు కట్టే టైమే దొరకదు. అందుకే వెలుతురు నేరుగా దాటిపోతుంది. ఎండ కూడా అలాగే లోపలికొచ్చి కూర్చుంటుంది, మీ బ్లైండ్స్, ఏసీ సంగతి మీకే తెలుసు.

సరే, ఇప్పుడు రెండో పాఠం. బండ సజీవమా, నిర్జీవమా?

చిన్నప్పుడు చెప్పిన టెస్టు గుర్తుందా? తింటుందా, శ్వాసిస్తుందా, పెరుగుతుందా, తనలాంటి దాన్ని పుట్టిస్తుందా? ఒకటి రెండు కాదు, అన్నీ చూడాలి. లేకపోతే మీ బైక్ కూడా సజీవి అయిపోతుంది. పెట్రోల్ తాగుతుంది, పొగ వదులుతుంది, కదులుతుంది. ఈ టెస్టులో బండ ఫెయిల్, అందులో డౌట్ లేదు. కానీ ఖాజాగూడ గుట్టల మీద ఏదైనా బండ దగ్గరకెళ్లి చూడండి. బూడిద రంగులో, లేత ఆకుపచ్చలో, ఎవరో పెయింట్ చల్లినట్టు గుండ్రటి మచ్చలుంటాయి. అది మరక కాదు. లైకెన్. కదలదు, కూయదు, పూయదు, కానీ టెస్టులో పాస్.

నిజానికి అది ఒక జీవి కూడా కాదు. శిలీంధ్రం, శైవలం కలిసి పెట్టుకున్న కాపురం. శిలీంధ్రం ఇల్లు కట్టి తేమ పట్టి ఉంచుతుంది, శైవలం ఎండతో వంట చేస్తుంది. రూమ్‌మేట్స్ అంటే అలా ఉండాలి. మా కొండాపూర్ పీజీలో గిన్నెలు ఎవరు కడగాలన్నదే తేలలేదు.

బండని అంటుకుని ఉండే రకాలు చాలావరకు ఏడాదికి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి. అంటే అరచేయంత మచ్చ కనపడిందంటే అది సైబర్ టవర్స్ కంటే పాతదై ఉండొచ్చు. సైబర్ టవర్స్ మొదలైంది 1998లో.

ఈ లైకెన్ విడిచే ఆమ్లాలు బండ పైపొరని మెల్లగా తింటాయి. పగుళ్లలో పిడికెడు మట్టి చేరుతుంది. బండ నీళ్లు పీల్చదు కాబట్టి వానంతా జారి ఆ పగుళ్లలోకే వస్తుంది. అందుకే అంత ఎండలో కూడా బండ సందులో సీతాఫలం చెట్టు బతుకుతుంది. దాని నీడన తొండలు, ఉడుములు. జారిన నీళ్లు ఇంకా కిందికి పోయి నిలిస్తే చెరువు. చుట్టూ బండలతో ఉన్న దుర్గం చెరువు నుంచే కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండకి నీళ్లు వెళ్లేవి. 2020లో కేబుల్ బ్రిడ్జి వచ్చాక మనకి అది సెల్ఫీ స్పాట్ అయింది, అది వేరే విషయం.

"మరి ఆ బండల్ని ఒకదాని మీద ఒకటి ఎవరు పేర్చారు" అని కామెంట్లలో అడుగుతుంటారు. ఎవరూ పేర్చలేదు. ఒకే పెద్ద రాయి భూమిలో ఉండగానే అడ్డంగా, నిలువుగా పగిలింది. పగుళ్లలోకి నీళ్లు దిగి ఫెల్డ్‌స్పార్‌ని బంకమట్టిగా మార్చాయి. మూలలు ముందు కరిగాయి, కాబట్టి ముక్కలు గుండ్రంగా అయ్యాయి. తర్వాత మట్టి కొట్టుకుపోయింది, బండలు ఎక్కడివక్కడే మిగిలాయి. ఆ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. డైనోసార్లు దాని ముందు నిన్న మొన్న జాయినైన ఫ్రెషర్స్.

2025 మార్చి, ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ అందరం ఫాలో అయ్యాం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. హైదరాబాద్ యూనివర్సిటీలో మష్రూమ్ రాక్ ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది. కానీ బండల కోసం ఇక్కడ 1996 నుంచే ఒక సంస్థ పనిచేస్తోంది, సొసైటీ టు సేవ్ రాక్స్. దాని గురించి మన ఐటీ బ్యాచ్‌లో తెలిసినవాళ్లు తక్కువ. చెట్టు కొడితే ఇంకోటి నాటుతాం అని కనీసం అబద్ధమైనా చెప్పొచ్చు. బండ పేలిస్తే ఆ మాట కూడా చెప్పలేం. దీనికి బ్యాకప్ లేదు, రోల్‌బ్యాక్ లేదు. అద్దాల టవర్ కూలితే రెండు మూడేళ్లలో ఇంకోటి లేస్తుంది. దేనికి ఎంత విలువ కట్టాలో నా లెక్క ఇదీ. మీరు ఒప్పుకోకపోతే కామెంట్లలో కొట్లాడుకుందాం.

ఈ వీకెండ్ ఒక పని చేయండి. బాటిల్లో నీళ్లు తీసుకెళ్లి, ఎండిపోయినట్టున్న లైకెన్ మీద నాలుగు చుక్కలు వేసి, కెమెరా జూమ్ చేసి వీడియో తీయండి. గీకొద్దు, పీకొద్దు. కాసేపట్లో బూడిద రంగు ఆకుపచ్చగా తిరుగుతుంది. తడికి పైపొర పారదర్శకంగా మారి లోపలున్న శైవలం కనపడుతుందన్నమాట. ఆ వీడియోలు పంపండి, బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో వేద్దాం. ఫోన్ మాత్రం బండ మీద బోర్లా పెట్టకండి, ఎందుకో చెప్పాను కదా. బై.