నీరు దిగే గోలీ మానొద్దు



దిల్‌సుఖ్‌నగర్‌లో బండి పెట్టుకునేవాళ్లకు, ఎల్‌బీ నగర్‌లో బస్సు మారి పనికి పోయేవాళ్లకు ఒక తిప్పలుంది. డాక్టర్ నీరు దిగే గోలీ రాస్తే, బయట ఒంటికి పోవడానికి చోటు లేదని మానేస్తున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మన కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడకడతాయి. అందులో చాలావరకు ఉప్పుతో సహా మళ్లీ రక్తంలోకే పోతుంది. ఒకటిన్నర, రెండు లీటర్లే బయటికొస్తుంది. ఈ గోలీ ఉప్పును వెనక్కి పోనివ్వదు. ఉప్పు ఎటు పోతే నీళ్లు అటే. అట్లా కాళ్ల వాపు, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు తగ్గుతాయి. గుండెకు భారం తగ్గుతుంది. బీపీకి ఎక్కువగా ఇచ్చేది ఇంకో రకం, అది మెల్లగా పనిచేస్తుంది.

లాసిక్స్ లాంటి గోలీ గంటలోపే మొదలై ఆరు గంటల దాకా పనిచేస్తుంది. కాబట్టి మీ పని వేళలు చెప్పి, ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌నే అడగండి. వేళ మార్చుకోవచ్చు, మానొద్దు.

గోలీ వేసుకుని ఆవకాయ, అప్పడాలు ఎక్కువ తింటే లాభం లేదు. కళ్లు తిరిగినా, పిక్కలు పట్టేసినా, వాంతులు విరేచనాలైనా వెంటనే దవాఖానాలో చెప్పండి. పొటాషియం తగ్గి ఉండొచ్చు. కాళ్లు వాచాయని పక్కింటామె గోలీ వేసుకోవద్దు.

బస్తీ దవాఖానాలో బీపీ ఉచితంగా చూస్తారు. బజారు దగ్గర శుభ్రమైన మరుగుదొడ్డి కావాలని మాత్రం సమాఖ్య తరఫున మనమే అడగాలి. ఈ ఏడు ఆ తీర్మానం చేద్దాం.

సెలవు.