గొడ్డలి పన్ను నుంచి కాంటూరు దాకా
(భద్రాచలంలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆ వకీలు గారు ఈ ఊళ్ళో స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో కోయల తరఫున, కొండరెడ్ల తరఫున వాదించిన మనిషి. పొగడ్త ఆయనకు గిట్టేది కాదు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను. ఈ ఏజెన్సీలో ఆదివాసీ పొలాన్ని షావుకారు చేతిలో పడకుండా ఆపడానికి నూరేళ్ళకు పైగా చట్టాలు చేస్తూనే ఉన్నారు. అదే పొలాన్ని సర్కారే తీసుకుంటానంటే గట్టిగా అడ్డుపడే చట్టం మాత్రం 2013 దాకా రాలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోంచే పొలాలు పోయాయి.

భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860 దాకా నిజాము ఏలుబడిలో ఉండేవి. ఆ ఏడాది ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చి, తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిశాయి. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి మారాయి. సెంట్రల్ ప్రావిన్సెస్ రోజుల్లో రేకపల్లిలో పోడుకు, అంటే అడవి కొట్టి కాల్చి చేసే సాగుకు, పెద్ద అడ్డు లేదు, గొడ్డలికి సుమారు నాలుగణాల పన్ను కడితే సరిపోయేది. మద్రాసు వాళ్ళు వచ్చాక ఆ పన్ను దాదాపు మూడింతలైంది, కొన్ని కొండలకు వెళ్ళొద్దన్నారు. 1879లో రంప పితూరీ రాజుకున్నప్పుడు రేకపల్లి కూడా భగ్గుమనడానికి, తిరుగుబాటు నాయకుడు అంబుల్ రెడ్డి వెనక జనం నడవడానికి ఇది పెద్ద కారణం.

పన్ను గొడ్డలి మీద వేశారు, భూమి మీద వేయలేదు. భూమి మీద వేసి ఉంటే ఎవరి చెక్క ఎంతో కొలిచేవారు, పేరు రాసేవారు. కొలవలేదు కాబట్టి తాత ముత్తాతల నుంచి దున్నుకుంటున్న చెలక దఫ్తరులో అడవిగానే మిగిలిపోయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి దాని చుట్టూ గీత గీసింది. తర్వాతి కథంతా ఆ కాగితం లేనితనం నుంచే నడిచింది.

ఇక సర్కారు భూమి తీసుకునే అధికారం సంగతి. 1824 నాటి బెంగాల్ రెగ్యులేషన్‌తో మొదలై, మద్రాసులో 1852 చట్టంగా వచ్చి, చివరికి 1894 భూసేకరణ చట్టమైంది. ప్రజాప్రయోజనం అని సర్కారు ప్రకటిస్తే చాలు. నాలుగో సెక్షన్ కింద నోటిఫికేషన్, అయిదు-ఏ కింద అభ్యంతరాల విచారణ, అత్యవసరం అనుకుంటే పదిహేడో సెక్షన్‌తో ఆ విచారణ కూడా ఉండదు. ఈ చట్టం నూట ఇరవై ఏళ్ళు బతికింది. స్వరాజ్యం వచ్చాక ఆస్తి ప్రాథమిక హక్కుగా ఉన్నా 1978లో 44వ సవరణతో అదీ పోయి, 300-ఏ అధికరణంగా మిగిలింది.

షావుకారుకు వేసిన కళ్ళెం చరిత్ర వేరు. 1917లో ఏజెన్సీ భూముల బదిలీ చట్టం గోదావరికి ఈ ఒడ్డున వచ్చింది. అవతలి ఒడ్డున నిజాము రాజ్యం, అక్కడి చట్టం వేరు. 1959లో భూబదిలీల మీద ఒకటో రెగ్యులేషన్ వచ్చింది, 1963లో తెలంగాణ ప్రాంతానికీ వర్తించింది. అసలు పట్టు దొరికింది 1970లో. ఒకటి బై డెబ్బై అని మన ఊళ్ళలో చిన్నపిల్లవాడు కూడా అనే సవరణ అది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి ఆదివాసీకి తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీదేనని చట్టం ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. దీని మీద వెళ్ళిన సవాళ్ళను సుప్రీంకోర్టు 1988లో కొట్టేసింది. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ నిషేధం సర్కారుకూ వర్తిస్తుందని, ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీల గనులకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది.

చాలామంది అక్కడ ఆగిపోయి చప్పట్లు కొడతారు. కానీ కంపెనీకి ఇవ్వకూడదన్న ఆ తీర్పు, సర్కారు తన ప్రాజెక్టు కోసం తానే తీసుకుంటే ఆపలేదు. భూసేకరణ బదిలీ కిందికి రాదు మరి. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం గ్రామసభను సంప్రదించమంది, అంతే.

గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు ఈ సందులోకే వచ్చింది. 1980లో గోదావరి ట్రిబ్యునల్ అవార్డు దారి చూపింది, 2004 తర్వాత పని మొదలైంది, 2005 అక్టోబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. నీటిమట్టం 150 అడుగులు, ముంపు గ్రామాలు 276. కదలాల్సిన కుటుంబాలు తర్వాతి లెక్కల్లో లక్ష దాటాయి. డెల్టా రైతుకు నీళ్ళు వద్దని ఇక్కడెవరూ అనలేదు. ఆ నీళ్ళకు ధర ఎవరు కడుతున్నారన్నదే పేచీ.

వకీలు గారి దగ్గర నేను చూసిన ఒక భూసేకరణ కాగితం గురించి చెబుతాను. గడులు గీసి ఉన్నాయి: సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, చెట్లు. పట్టాదారు గడిలో ఎప్పుడో చనిపోయిన తాత పేరు. ఆయనకు ముగ్గురు మనవలు, పంపకం నోటిమాట. పెద్దవాడికి ఏటిపట్టున మిరప వేసే చెక్క వచ్చింది, చిన్నవాడికి దాని పక్కదే. నడిపివాడికి వచ్చింది సర్వేరాయి అవతలి పోడు. కాగితం సర్వేరాయి దగ్గర ఆగిపోయింది. చెట్ల గడిలో మామిడి, తాడి లెక్కకట్టారు. ఆ ఇంటిల్లిపాదీ ఎండాకాలమంతా పువ్వు ఏరుకునే ఇప్పచెట్లు నడిపివాడి పోడులో ఉన్నాయి, అవి అడవి లెక్కలో పడ్డాయి. ఒకే తాత పొలం, ఇద్దరు నిర్వాసితులు, ఒకడు ఆక్రమణదారు. 2006 అటవీ హక్కుల చట్టం ఈ తప్పును దిద్దడానికే వచ్చింది. పోడుకు హక్కుపత్రం ముందు ఇచ్చి, తర్వాత సేకరించాలి. చాలాచోట్ల వరస తిరగబడింది.

2005 అన్నాను కదా. సరిగ్గా ఆ ఏడు జూన్‌లోనే అమెరికా సుప్రీంకోర్టు కీలో కేసులో, న్యూ లండన్ అనే ఊరి అభివృద్ధి కోసం ఇళ్ళు లాక్కోవచ్చని 5-4 మెజారిటీతో చెప్పింది. అక్కడ జనం మండిపడితే నలభైకి పైగా రాష్ట్రాలు తమ చట్టాలు మార్చుకున్నాయి. ఆ స్థలం ఏళ్ళ తరబడి బీడుపడి ఉండిపోయింది. మన దేశంలో జరిగింది వేరే. 2013 ఏప్రిల్‌లో నియమగిరి కేసులో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. ఒడిశాలో పన్నెండు గ్రామసభలు ఒకదాని తర్వాత ఒకటి వద్దన్నాయి, బాక్సైటు గని ఆగింది. పక్క రాష్ట్రంలో చెల్లిన మాట మన ముంపు గూడేల్లో ఎందుకు చెల్లలేదని నన్ను అడిగితే, ఆ సరికే ఇక్కడ చాలా పరిహారం అవార్డులు పాత చట్టం కింద, ఎకరాకు లక్ష పైచిలుకుతో ముగిసిపోయాయన్నదే నా జవాబు.

2013లో చేసిన కొత్త భూసేకరణ చట్టం 2014 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 41వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో వీలైనంతవరకు సేకరణ ఉండకూడదు, తప్పనిసరైతే గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలి. సాగునీటి ప్రాజెక్టులో భూమి పోయిన ఆదివాసీకి పోయినంత భూమి, లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది ఇవ్వాలి. మంచి చట్టమే. కానీ ఆ మే నెలాఖరున ఆర్డినెన్సు, జూలైలో పార్లమెంటు ఆమోదం, ముంపు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళిపోయాయి. భద్రాచలం ఊరు ఇటు, మండలం అటు. పురుషోత్తపట్నంలో రాములవారి 800 ఎకరాలకు పైగా మాన్యం కూడా అటే. దేవుడికే తప్పలేదని మనవాళ్ళు నవ్వుతారు గానీ, గూడెం మనిషికి జిల్లా కేంద్రం, ఫైలు, అధికారి, అన్నీ ఒక్కసారిగా మారిపోయాయి. పైగా 2016లో తెలంగాణ, 2018లో ఆంధ్రప్రదేశ్ సవరణలు తెచ్చి సాగునీటి ప్రాజెక్టుల్లాంటి వాటిని సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించుకునే వీలు కల్పించుకున్నాయి. 41వ సెక్షన్ మాత్రం కదలలేదు.

2022 జూలైలో ఇక్కడ గోదావరి 71 అడుగులు దాటింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడలేదు. ముంపు ఎత్తును సూచించే కాంటూరు గీత ఎక్కడుందో ఆ వారం కూనవరం, వి.ఆర్.పురం జనానికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ముంపును 41.15 మీటర్ల దాకా ఒక దశ, 45.72 దాకా ఇంకో దశ అని విడగొట్టారు. పై గీత కింద ఇంకా అవార్డు కాని భూమి ఉంది. పాత నోటిఫికేషన్ ఉన్నా అవార్డు కాకపోతే పరిహారం కొత్త చట్టం ప్రకారమేనని 24వ సెక్షన్ చెబుతోంది. కొత్తగా నోటిఫికేషన్ ఇస్తే 41 కూడా పూర్తిగా వర్తిస్తుంది. కాబట్టి ఇక్కడున్న యువ వకీళ్ళు ముందు పరిహారం రేటు గురించి కాక, గ్రామసభ మినిట్స్ పుస్తకం గురించి అడగండి. ఏ తేదీన కూర్చున్నారు, ఎవరు సంతకాలు చేశారు, వేలిముద్రలు ఎవరివి, తీర్మానం ఏ భాషలో చదివి వినిపించారు. నడిపివాడి పోడుకు హక్కుపత్రం ఆ తేదీకి ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా, అసలు రాలేదా అన్నది కూడా అక్కడే రాయించండి.