హాలోవీన్ సాయంత్రం – మన మృతులు



అమెరికాలో ఉంటున్న ఒక సహోదరి నుండి ఉత్తరం వచ్చింది. “అయ్యగారూ, అక్టోబరు 31న హాలోవీన్ అని మా వీధి పిల్లలందరూ దయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి చాక్లెట్లు అడుగుతారు. మా పాప కూడా వెళ్తానంటోంది. ఇది సాతాను పండుగని కొందరు అంటున్నారు. పంపవచ్చా?” అని అడిగారు. ఉత్తరం చివర మరో మాట ఉంది. దాని దగ్గరికి తరువాత వస్తాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. సెమినరీ నుండి వచ్చిన కొత్తలో, ఎవరో ఇచ్చిన కరపత్రం చదివి, హాలోవీన్ సాతాను పుట్టినరోజని యౌవనస్థుల కూటంలో గట్టిగా ప్రసంగించాను. తరువాత చరిత్ర పుస్తకాలు తిరగేస్తే దానికి ఆధారమేమీ కనబడలేదు. చెడును ఖండించడానికైనా అబద్ధం చెప్పే అధికారం మనకు లేదు కదా!

పూర్వం ఐర్లాండు, స్కాట్లాండు ప్రాంతాలవారు నవంబరు 1న చలికాలపు ఆరంభాన్ని ‘సావిన్’ అనే పండుగగా చేసుకునేవారు. ఎండాకాలమంతా బయట మేసిన పశువులను ఇళ్లకు తోలుకొచ్చే సమయమది. ఆ రాత్రి అవతలి లోకపు తలుపులు తెరుచుకుంటాయని ఐరిష్ కథలు చెబుతాయి. అయితే ఆ కథలను వ్రాసిపెట్టింది క్రైస్తవ సన్యాసులే, అదీ ఎంతో కాలం తరువాత.

పేరు మాత్రం మన సంఘంలో పుట్టినదే. ‘హాలో’ అంటే పాత ఇంగ్లీషులో పరిశుద్ధుడు, ‘ఈన్’ అంటే ముందురోజు సాయంత్రం. 9వ శతాబ్దంలో పశ్చిమ యూరపులో నవంబరు 1 సకల పరిశుద్ధుల పండుగగా స్థిరపడింది. సుమారు 1000వ సంవత్సర ప్రాంతంలో ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓడిలో, ఆ మరునాటిని మృతుల కొరకు ప్రార్థించే దినముగా ఏర్పరచాడు. ఇంగ్లండులో బీదలు ఆ రోజుల్లో ఇంటింటి తలుపు తట్టి, ఒక చిన్న రొట్టె పుచ్చుకుని, ఆ ఇంటి మృతుల ఆత్మల కొరకు ప్రార్థించేవారు. ఐర్లాండులో టర్నిప్ దుంపను తొలిచి లోపల దీపం పెట్టేవారు. 1845లో మొదలైన కరువుకు లక్షలమంది అమెరికా చేరాక, దుంప స్థానంలో గుమ్మడికాయ వచ్చింది. తొలవడానికి అదే సులువు లెండి!

ఇప్పుడు 1517 అక్టోబరు 31కి రండి. అదే సాయంత్రం. చనిపోయిన మీ తల్లిదండ్రులు వేదనలో ఉన్నారు, డబ్బిచ్చి పాపపరిహార పత్రం కొని విడిపించండని టెట్జెల్ అనే బోధకుడు జర్మనీలో ఊరూరా తిరుగుతున్నాడు. మార్టిన్ లూథరు 95 వాదాంశాలు వ్రాసి, ఆ రోజే మైంజు ఆర్చిబిషప్పుకు పంపాడు. విట్టెన్‌బర్గ్ దేవాలయపు తలుపుకు మేకులు కొట్టాడా లేదా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ప్రశ్న మాత్రం తేటగా ఉంది. చనిపోయిన తండ్రి కొరకు బ్రతికున్న కొడుకు రుసుము కట్టగలడా? క్రీస్తు చెల్లించిన తరువాత ఇంకేమి మిగిలి ఉంది?

ఆ సహోదరి చివర వ్రాసిన మాట ఇది: “మా నాన్నగారు ఈ సంవత్సరం ప్రభువునందు నిద్రించారు. నవంబరు 2న సమాధుల పండుగకు రాలేను. ఇక్కడ ఒక కొవ్వొత్తి వెలిగిస్తే తప్పా?”

అసలు ప్రశ్న ఇదేనని నాకనిపించింది.

అమ్మా, మృతులను విచారించడం, వారితో మాట్లాడ ప్రయత్నించడం ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం నిషేధించింది. కొవ్వొత్తి అది కాదు. వెలిగించండి. ఆ వెలుగు నాన్నగారికి దారి చూపడానికి కాదు, ఆయనకు దారి చూపినవాడు వేరే ఉన్నాడు. అది మీ కొరకు, మీ దుఃఖం కొరకు.

పాపకు దయ్యం వేషం వద్దనే నా సలహా. చావును ఆటవస్తువు చేయడం నాకు నచ్చదు. కానీ మీ తలుపు తట్టిన పిల్లలను కసరి పంపకండి, చాక్లెట్లు పెట్టండి. వాళ్లు వెళ్లాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని తాతగారు ఏ పాట పాడేవారో, ఎలా ప్రార్థించేవారో చెప్పండి. ఇక్కడ సమాధికి సున్నం వేసి పూలు పెట్టడానికి మీ ఊరి సంఘస్థులకు ఒక ఫోను చేయండి, చాలు.