ఒంగోలు గిత్త బ్రెజిల్ వెళ్ళి ఏం చెబుతోంది?

ఇక్కడ బుకిట్ బటోక్ సూపర్‌మార్కెట్లో బ్రెజిల్ బీఫ్ ప్యాకెట్ చూసే ఉంటారు. ఆ దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతి. అంటే మన నెల్లూరు, ఒంగోలు పశువుల సంతతే!

అవి ఎండకు, పిడుదులకు తట్టుకుంటాయి, గడ్డి మీదే పెరుగుతాయి. మాంసంలో మాత్రం కొవ్వు తక్కువ, కాస్త గట్టిగా ఉంటుంది. అందుకే అంగస్ జాతితో దాటిస్తారు. మొదటి తరం దూడ త్వరగా బరువెక్కుతుంది, మాంసమూ మెత్తబడుతుంది. ఆ సంకర దూడల్ని వాటిలో వాటికే దాటిస్తే ఆ ఊపు సగానికి పడిపోతుంది.

మన ఊళ్ళో పాలకోసం జెర్సీతో దాటించినా లెక్క ఇదే. సంకరం నిలబడాలంటే అసలు జాతి ఉండాలి. గుంటూరు దగ్గర లాం ఫారం ఒంగోలు జాతిని కాపాడేది అందుకే. ఇంటికి డబ్బు పంపి పశువులు కొనిపించేటప్పుడు చెప్పండి: దొడ్లో మేలైన ఒంగోలు ఆవుంటే అమ్మేయొద్దని.