సరకునకు సరియైన పేరు
(లింగంపల్లి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన సంఘములోని యువకులు పలువురు ఈ లింగంపల్లి పరిసరములందు కంప్యూటరు సామగ్రిని విదేశములనుండి తెప్పించి వర్తకము చేయుచున్నారు. వారి క్షేమమును కోరి, దిగుమతి సుంకమునకై సరకులను వర్గీకరించుటను గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

పూర్వము హైదరాబాదు సంస్థానమున కరోడ్‌గిరి యను సుంకపు శాఖ యుండెను. 1802 నాటి వాణిజ్య సంధి సుంకమును నూటికి అయిదుగా నిర్ణయించెను. రేటు ఒక్కటియైనచోట సరకు వెల తెలిసిన చాలును. రేట్లు పలువిధములైన నేడు సరకు పేరే సుంకమును నిర్ణయించును. 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టపు పట్టికలో 21 విభాగములు కలవు. ప్రతి సరకునకు ఎనిమిదంకెల సంఖ్య యుండును.

ఒక్క దుకాణపు సరకునే చూడుడు. కీబోర్డు 8471 శీర్షికకు చెందును. విద్యుత్ అడాప్టరు 8504కు, చల్లబరచు ఫ్యాను 8414కు, విడిగా వచ్చిన ల్యాప్‌టాప్ సంచి 4202కు చెందును. కీబోర్డునకు మూల సుంకము లేదు, సంచికి కలదు. అన్నిటిని కంప్యూటరు సామగ్రియని ఒకే పేరున వ్రాయుట ప్రమాదకరము.

మొదట శీర్షికలను, విభాగములకును అధ్యాయములకును గల వ్యాఖ్యలను చదువవలెను. రెండు శీర్షికలు పోటీపడినచో సామాన్య వర్ణనకంటె ప్రత్యేక వర్ణన బలీయము. చట్టము నిర్వచింపని పదమునకు లోకవ్యవహారమే ప్రమాణము. తమలపాకు కూరగాయ కాదని సుప్రీంకోర్టు 1961లో ఒక అమ్మకపు పన్ను వ్యాజ్యమున తీర్పు చెప్పెను. తాంబూలమునకు వాడు ఆకును కూర వండుకొను గృహిణి యెవరు?

2011 నుండి సుంకమును తొలుత లెక్కకట్టుకొనవలసినవాడు దిగుమతిదారుడే. లెక్క తప్పినచో సాధారణముగా రెండేండ్లవరకును, బుద్ధిపూర్వకముగా దాచినచో అయిదేండ్లవరకును బకాయికి తాఖీదు రావచ్చును, వడ్డీయు తోడగును. అప్పటికి సరకు అమ్ముడై, లాభము బిడ్డల చదువునకో యింటి ఖర్చునకో పోయియుండును. కొన్నవానిని మరల అడుగ వీలులేదు. చిన్న వర్తకునకు పెట్టుబడియే కరగిపోవును.

కావున సందేహము కలిగినపుడు ఓడ బయలుదేరక ముందే ముంబయి, ఢిల్లీలయందలి ముందస్తు నిర్ణయాధికారుల నాశ్రయించుట మేలు. సరకు వచ్చిన పిదప సందేహము తోచినచో తాత్కాలిక నిర్ణయమును కోరవచ్చును. అడుగుట అవమానము కాదు.

పోషకులకు నాదొక మనవి. కస్టమ్స్ బ్రోకరు పరీక్షను నిర్వహించు జాతీయ అకాడమీకి 2024లో మన పాలసముద్రముననే నూతన ప్రాంగణము ప్రారంభమైనది. పట్టభద్రులైన పేద యువకులకు ఆ పరీక్షకై ఏటేట కొన్ని విద్యార్థి వేతనముల నేర్పరచుడు. తెలిసినవాడొకడు మనలో నున్న, పదిమంది దుకాణములు నిలుచును.