నాణెం చెప్పనిది దఫ్తరం చెబుతుంది

ముప్కాల్, బాల్కొండ, బోధన్ వైపు ఎవరింట్లోనైనా పాత సందూకులో నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయి ఉంటే తీసి చూడండి. చార్మినార్ బొమ్మ ఉన్నదైతే, దాని ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. ‘మీమ్’ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంది, ‘ఐన్’ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది.

నాణెం చెప్పేది దాదాపు ఇంతే. ఎందుకు ముద్రించారో, మారకం ఎంతో తెలియాలంటే సర్కారు కాగితాలే దిక్కు. ముద్రణ సంగతే చూడండి: గద్వాల, నారాయణపేటల్లోనూ ఒకప్పుడు టంకశాలలు ఉండేవి. దివాన్ మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో ముద్రణ హైదరాబాదుకు చేరింది. 1903లో సైఫాబాద్ టంకశాల వచ్చింది.

ఆనాటి దఫ్తరాలు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్నాయి. పాతవి ఫార్సీలో, 1880ల తర్వాతివి ఎక్కువగా ఉర్దూలో. అక్కడ ఒక్క జాగ్రత్త తప్పనిసరి. నాణెం మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది, సర్కారు కాగితాల్లో ఎక్కువగా ఫస్లీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. హిజ్రీ 1337 అంటే 1918-19. ఫస్లీ 1337 అంటే 1927-28. ఈ తొమ్మిదేళ్ల తేడా చూసుకోకపోతే చరిత్రే తారుమారు. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం దాదాపుగా వస్తుంది.

ఉర్దూ చదివే పెద్దలు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. డిగ్రీ చదివే పిల్లలు వాళ్ల దగ్గర కూర్చుని ఆ లిపి నేర్చుకోవాలని నా కోరిక.